మూడు, ఆరు

రేవు ఆఫీసులో టికెట్ల గది పైన నా బల్ల.
కిటికీ నిండా బూడిదరంగు సముద్రం,
హీయుమా దీవికి ఈ వైపున అంతకన్నా చూసేందుకేం లేదు.

బీమా వాళ్ళకో రసీదు కావాలిట.
జనరేటర్ కొన్నది జూన్ మూడున, పదమూడేళ్ళ కిందట.
పెట్టెలో మెయిళ్ళు ఎన్ని వేలో
లెక్కపెట్టే ఓపిక నాకూ లేదు, దానికీ లేదు.

"తేదీ పెట్టి వడగట్టు, లెయిదా"
అన్నాడు కొత్త కుర్రాడు తానెల్,
కాఫీ వడగట్టినంత తేలిగ్గా.

మేం రోజు ముందు రాస్తాం, నెల తర్వాత.
ఈ ప్రోగ్రాం ఏ దేశంలో పుట్టిందో, దానికి నెలే ముందు.
నుంచి: మూడు, ఆరు.
వరకు: నాలుగు, ఆరు.
ఒక్క రోజు అడిగితే
మార్చి ఆరు మొదలు ఏప్రిల్ ఆరు దాకా
నెలకి నెల తెచ్చి ముందు పోసింది.

ఆ ఏడు సముద్రం గడ్డకట్టింది.
మంచు మీద దారి వేశారు, పాతిక కిలోమీటర్లు.
సీటు బెల్టు పెట్టుకోకూడదు,
ఆగకూడదు,
పొద్దు గూకాక దాటకూడదు.
అవతలి ఒడ్డున గేటు దగ్గర కూర్చుని
బళ్ళు లెక్కపెట్టే మనిషి
రోజూ సాయంత్రం మాకు లెక్క పంపేవాడు.

మార్చి ఆరు. బళ్ళు నూట నలభై రెండు. మందం ముప్పై ఒకటి.
ఉర్మస్.

మార్చి ఏడు. బళ్ళు నూట పద్ధెనిమిది. మందం ఇరవై తొమ్మిది.
మీరు జవాబులో చుక్క పెట్టడం మర్చిపోయారు.
ఉర్మస్.

మార్చి ఎనిమిది. బళ్ళు తొంభై. మందం ఇరవై ఆరు.
చుక్క అందింది. మూడు పెట్టారు, రెండు దాచుకున్నాను.

మార్చి తొమ్మిది. మందం ఇరవై నాలుగు.
రేపు సాయంత్రం దారి మూసేస్తాం.
ఆఖరి బండి నాది.

తర్వాతి వరస పదకొండు.
ఓడల వేళలు, జీతాల కాగితం, ఎవరిదో పుట్టినరోజు కేకు.
పన్నెండు, పదమూడు, ఏప్రిల్ దాకా
ఉర్మస్ పేరే లేదు.
ఈ పెట్టెనడిగితే
ఆ మనిషి మంచులో మునిగిపోయాడనే చెబుతుంది.

మునగలేదు.
ఇంట్లో ఉన్నాడు, మోకాలికి కట్టు కట్టుకుని
రేడియోతో పోట్లాడుతున్నాడు.
నిన్న రాత్రంతా నాతో అన్నది ఒకటే మాట:
పొయ్యిలో కట్టె వేశావా.
ఒకే కప్పు కింద పడ్డాక
మాకు ఉత్తరాలతో పనేముంది?

అయినా చెయ్యి ఊరుకోదు.
పదో తేదీ జారిపోయిందేమోనని
ఈసారి నెల ముందు పెట్టి, బుద్ధిగా,
ఆ ఒక్క రోజే అడిగాను.

చక్రం తిరిగింది, తిరిగింది.
ఏమీ దొరకలేదు, అంది.

నిజమే. ఆ రోజు రాయలేదు.
వెనక దారి మూతపడుతుంటే
ఉప్పు కొట్టుకుపోయిన తెల్ల వ్యానులో
ఈ కిటికీ కిందికి వచ్చి, ఇంజను ఆపకుండా,
రెండు చుక్కలు తిరిగిచ్చేద్దామని వచ్చానన్నాడు.
తిరిగి వెళ్ళేందుకు మర్నాడు పొద్దున్న ఆరింటికి ఓడ ఉంది.
టికెట్ నేనే కొట్టాను.
ఎక్కలేదు.

"దొరికిందా?" అంటున్నాడు తానెల్ మెట్ల మీంచి.
రసీదు సంగతి
భోజనాలయ్యాక చూద్దాం.