నూట పదకొండు

సరుగుడు తోట దాటాక బారువ ఒడ్డున
పాత వలలు చుట్టిన వెదురు దడి.
లోపల బైరాగి మోకాళ్ల మీద కూర్చుని
మోచెయ్యి మునిగేదాకా ఇసక తోడతాడు,
అడుగున కాస్త వెడల్పు చేసి, కుండలాగా.
సంచిలోంచి ఒక్కో గుడ్డూ తీసి దించుతుంటే
పైకి లెక్కపెట్టేది తను, పలక మీద రాసేది నేను.
ఫిబ్రవరి పందొమ్మిది. రాత్రి రెండున్నర.
నూట పదకొండు.

ఇతని ఇంటిపేరు చీకటి.
రేషను కార్డులో కూడా అంతే, చీకటి బైరాగి.
టార్చి అద్దానికి ఎర్ర కాయితం అంటించుకుని తిరుగుతాడు,
తెల్లటి వెలుగు పడితే తల్లి తాంబేలు
సగం ఒడ్డెక్కి మళ్లీ నీళ్లలోకి పోతుందని.

చేతులు దులుపుకుని పైకి చూశాడు.
"మేస్టారూ, లెక్కలు సెప్తారు గదా మీరు.
అల్లా సుక్కల కాడ మనలాటోళ్లు ఉన్నారంటారేటి?"

సోంపేట కాలేజీలో ఇరవై రెండేళ్లుగా సంభావ్యత చెబుతున్నాను.
నాణేలు, పాచికలు, సంచిలో ఎర్ర బంతులు, నల్ల బంతులు.
ఈ సంచిలో చెయ్యి పెట్టినవాడు లేడు.
అయినా చెప్పాను:
చుక్కలెన్ని, వాటి చుట్టూ గ్రహాలెన్ని,
అందులో నీరు నిలిచేవెన్ని, నీటికి నాచు పట్టేవెన్ని,
నాచులోంచి లేచి నిలబడి
ఎవరక్కడ అని అడిగేదాకా వచ్చినవెన్ని,
అడిగాక, తమను తాము కాల్చుకోకుండా ఎన్నాళ్లున్నాయి.
అన్నీ భిన్నాలే, అన్నీ ఊహలే, గుణించుకుంటూ పోవాలి.
చివరికి కోటి రావచ్చు.
ఒకటే రావచ్చు. ఆ ఒకటీ మనమే కావచ్చు.

బైరాగి నవ్వాడు. పొగాకు నమిలిన నవ్వు.
"మా తాంబేలు లెక్కే గదా ఇది.
నూట పదకొండెడితే, నక్క తవ్వీసినవి తీసీ,
కుక్కలవి తీసీ, కాకులూ పీతలూ పట్టీసినవి తీసీ,
నీటిలో దిగినాక సేపలు మింగీసినవి తీసీ,
ఎయ్యికొకటి మిగుల్తాదని ఫారెస్టోళ్లు అంటారు.
అంటే ఈ గోతిలోంచి ఒకటి కూడా రాదు, సరా?
ఆ తల్లికి మీ లెక్క ఎవుడూ సెప్పనేదు."

అల వచ్చింది, వెళ్లింది.
కాసేపటికి తనే అందుకున్నాడు.
కుర్రతనంలో ఇంజను చెడి నాలుగు రాత్రులు
నడిసంద్రంలో ఉండిపోయారట, ముగ్గురు.
దూరాన ఓడలు దీపాల ఊళ్లలా పోతుండేవట.
టార్చి ఊపారు. చొక్కా కిరసనాయిల్లో ముంచి వెలిగించారు.
ఒక్కటీ తిరగలేదు.
"ఓడలు నేవని కాదు గదా మేస్టారూ.
మా ఎలుగు సిన్నది."
కొంచెం ఆగి,
"సూసీ ఆగనేదేమో. అదీ ఉంది."

ఆ రెండో మాట నాతో పాటు బస్సెక్కి సోంపేట వచ్చింది.
బోర్డు మీద భిన్నాలు కొట్టివేస్తుంటే
సుద్దముక్క దగ్గర నిలబడింది చాలా రోజులు.

ఏప్రిల్లో కబురు పెట్టాడు.
గొయ్యి మీద ఇసక అరంగుళం కుంగిందని.
వెళ్లేసరికి బోర్లా పడుకుని చెవి ఆనించి ఉన్నాడు.
ఏమైనా వినిపిస్తోందా అన్నాను.
"ఏటీ ఇనబడదు. ఎప్పుడూ ఇనబడనేదు,"
అన్నాడు, చెవి తియ్యకుండానే.

తెల్లారగట్ల ఇసక ఉడికినట్టు కదిలింది.
అగ్గిపెట్టెలో పట్టేంత ఒళ్లు, తెడ్లలాంటి చేతులు.
వాటికి తెలిసింది ఒక్కటే,
ఎటు వెలుగు ఎక్కువుంటే అటు పోవడం.
ఒకప్పుడు అది చుక్కల కింది సముద్రం.
ఇప్పుడు రొయ్యల చెరువు గట్టున ఫ్లడ్‌లైటు.
ఇద్దరం చెరో కొసా పట్టుకుని
దుప్పటి అడ్డం పెట్టి నిలబడ్డాం.
పాదాల మీంచి, వేళ్ల సందుల్లోంచి పాకిపోయాయి.
దుప్పటి పట్టింది ఎవరో
ఒక్కటీ తలెత్తి చూడలేదు.

పలక మీద రాశాను: తొంభై నాలుగు.
పదిహేడు విచ్చలేదు.
పూడ్చేద్దామా అని పార తీశాను.
"రెండ్రోజులాగండి," అన్నాడు చీకటి బైరాగి.