నాలుగో గడి

ఓడవాళ్ళిచ్చిన కాగితంలో నాలుగు గడులు.
ఒక్కదానికే టిక్కు పెట్టాలి, రాత్రి తొమ్మిదిలోగా.

చిలక సరస్సులో డాల్ఫిన్లు, భోజనంతో కలిపి.
లైట్‌హౌసు, మెట్లెక్కగలిగిన వాళ్ళకి.
బరంపురం పట్టు వీధి, మగ్గం పక్కన ఫోటో.
గోపాలపూర్ ఇసుకలో గుర్రపు స్వారీ, నలభై నిమిషాలు,
మనిషి బరువు ఎనభై కిలోల లోపు.

మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.
పద్దెనిమిది వందలట, మా వీధి చూడ్డానికి.
నేను కండెలు చుట్టి, ఆసు పోసి,
కుంభం అంచు ఒక పోగు తప్పినందుకు
వీపు మీద దెబ్బ తిన్న వీధి.
బొమ్మలో మగ్గం ముందు కూర్చున్నది
మా మేనత్త కోడలు దమయంతి.
మొహం రాకుండా తీశారు గానీ
ఆ మోచేతి మచ్చ నాకు తెలీదా!

నలుగురం రిటైరైన నర్సులం.
విశాఖలో ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ చేతుల్లో
నరాలు వెతికి వెతికి
చీటీ డబ్బుతో ఎక్కిన ఓడ ఇది.
"మీ ఊరే కదా, ఏది బాగుంటుంది?" అంది సుగుణవేణి.
"ఏదైనా ఒకటే" అన్నాను.
అబద్ధం.

ఓడ ఆస్పత్రి గదిలోకి దూరి తూకం ఎక్కాను.
ఎనభైన్నర.
చెప్పులు విప్పాను, గాజులు తీశాను,
ఊపిరి వదిలేసి మళ్ళీ ఎక్కాను.
డెబ్బై తొమ్మిది చిల్లర.
ఇన్నేళ్ళూ ఎంతమందికి తిట్లు పెట్టానో
ఇలా తూకాన్ని మోసం చేసినందుకు.

ఏడాదికోసారి, షావుకారు బాకీ తీర్చిన వారం,
నాన్న మమ్మల్ని బస్సెక్కించి ఇక్కడికి తెచ్చేవాడు.
గుర్రానికి రెండు రూపాయలు.
రెండు రూపాయలంటే ఎన్ని కండెలో
ఆయన వేళ్ళ మీదే తేలిపోయేది.
"ఎక్కినోళ్ళని చూడవే, అదీ ఎక్కినట్టే."
చూశాను. ఆరేళ్ళు వరసగా చూశాను.

కాగితం అడుగున ఇంకో ప్రశ్న:
స్వారీలో మీకు అనుభవం ఉందా?
ఉంది, అని రాశాను.

పొద్దున్నే చిన్న పడవలో ఒడ్డుకి.
కెరటం ఎత్తి కుదేస్తే సుగుణవేణి దేవుళ్ళందర్నీ పిలిచింది.
ఎక్కడి నుంచో మొగలి పొదల వాసన,
విరిగిన జెట్టీ స్తంభాల మీద నీటికాకులు,
ఇసుకలో నాలుగు గుర్రాలు, మనల్నే ఎంచుతూ.

బైరాగి అనే నోళియా కుర్రాడు
నాతో వచ్చీరాని హిందీలో, "డరో మత్, మేడం."
గుర్రంతో మాత్రం మన భాషలో,
"సిన్నగా నడవే మోతీ, పెద్ద పేణం."
విన్నాను. వినబడనట్టు జీను పట్టుకున్నాను.

జమీందారు గుర్రమట, పందేలు గెలిచిందట.
ఊఁ అన్నాను.
జీను కింద గుడ్డ మీద
ఊడిపోగా మిగిలిన అద్దం బిళ్ళలు రెండు,
జరీ పోగు ఒకటి.
జరీ నాతో అబద్ధమాడదు.
ఇది పెళ్ళికొడుకుల్ని మోసిన గుర్రం.

అంతలో పకోడీ బండి దగ్గర
ఎవడో స్పీకరు పెట్టాడు, బ్యాండు మేళం.
మోతీ చెవులు నిక్కాయి.
నడక మానేసి అడుగు వేసింది,
ఎడమ, కుడి, ఆగి, ఎడమ.
బైరాగి కళ్ళెం లాగుతున్నాడు, కంగారుగా నవ్వుతున్నాడు.
నాకు భయం వెయ్యలేదు.
ఆ లెక్క నా పాదాలకి తెలుసు.
తొక్కుడు చెక్కల మీద పదమూడేళ్ళ కాళ్ళు,
నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు.
మడమలు వాటంతట అవే కదిలాయి.

పాట ఆగింది. అదీ ఆగింది.
ఇరవై నిమిషాలే అయిందని నేనంటే
మోతీ వినలేదు, రోజూ ఆగే చోటు అదేనట.

దిగి, ఇసుక దులుపుకుంటూ అడిగాను తెలుగులో,
"ఓడవోళ్ళు నీకెంత ఇస్తన్నార్రా?"
కళ్ళెం చేతిలోంచి జారింది.
"అమ్మా… తమరిది ఏ వీధి?"

"మూడో గడి" అన్నాను.

అతనికి అర్థం కాలేదు.
మోతీ తోకతో ఈగని కొట్టుకుంది.