కేటాయించనివి

రాయగడ స్టేషను బయట కొన్న పేపర్లో
పధ్నాలుగో పేజీ, కింది మూల.
చీమల బారంత అక్షరాల్లో మా మిల్లు మూడు నెలలు.
ఆడిట్ కానివి అని పైనే ఒప్పుకుంది.
ఈ కాగితం మాది కాదు, వేలికి తెలుస్తుంది.
మేం తయారుచేసేది నోటుపుస్తకాల తెలుపు.

వేబ్రిడ్జి మీద నేను తూచిన లారీలన్నీ
ఇందులో ఎక్కడో కరిగే ఉంటాయి.
నలభై షేర్లు నాకు. అంటే, యజమానినే.

"లాభమా నష్టమా, ఒక్క ముక్కలో చెప్పు" అంది హైమ.
ఒక్క ముక్కలో తేలేదైతే మూడు వరసలెందుకు వేస్తారు?
కాగితం. కాస్టిక్ సోడా. కరెంటు.
నీ కొట్టులాగే, అన్నాను.
ఇడ్లీల గల్లా వేరు, ఊరగాయల గల్లా వేరు,
మేడమీది గది అద్దె వేరు.
కలిపి చూస్తే నెల గడిచిపోయినట్టే ఉంటుంది.
విడదీస్తేనే తెలుస్తుంది
అద్దె డబ్బులే ఇడ్లీలు ఉడికిస్తున్నాయని.

గరిటె ఆగింది.
"మరి నా ఊరగాయ నా కొట్లోనే వడ్డిస్తే?"
అదీ అమ్మకమే. ఒక చేత్తో రాసుకో,
ఆఖర్న రెండో చేత్తో కొట్టెయ్.
మిల్లు కూడా తన కరెంటు తన కాగితానికే అమ్ముకుంటుంది,
అందుకే అడుగున ఆ తీసివేత.

జూన్ గడి కంటే తగ్గిందని కంగారు పడకు.
జూలైలో నాగావళి ఎర్రబడుతుంది,
కొండమీంచి వెదురు దిగదు,
కద్రక సింగన్న లారీ బిసంకటక్ మలుపులో
రెండ్రోజులు బురదలో కూర్చుంటుంది.
వానను వానతోనే తూచాలి.
నిరుడు ఇవే మూడు నెలలు పక్క గడిలో ఉన్నాయి, చూడు.
అక్కడా కాగితం తక్కువే.
ఇంత తక్కువ మాత్రం కాదు.

అయినా లాభం పెరిగింది.
"భల్, భల్" అన్నాడు ఫోన్లో షేర్ల నిరంజన్ సాహు,
పదహారు శాతమట.
కాగితం నష్టంలో ఉంది, సోడా అంతంతమాత్రం,
కరెంటు తన కాళ్ల మీద తను నిలబడింది, అంతే.
మరి పదహారు ఎక్కణ్ణుంచి?
చూపుడువేలితో వరసవరసా దిగాను.
'అసాధారణ అంశాలు' పక్కన ఓ బుల్లి చుక్క గుర్తు.
గుర్తు పట్టుకుని కిందికి పోతే ఏడో నోటు:
పాత వెదురు యార్డు స్థలం విక్రయం.
ఏ విభాగానికీ కేటాయించలేదు.

వేబ్రిడ్జి ఉన్నది ఆ యార్డులోనే.

ఎవరూ చెప్పలేదు మాకు. చెప్పలేదనడానికీ లేదు,
రెండు భాషల్లో అచ్చేసి మరీ చెప్పారు.
హైమ నా వేలి కింది అక్షరాలు కూడబలుక్కుని చదివింది.
"నువ్వు ఇందులో ఏ వరసలో?" అంది.
సాంబారు పొంగింది, లేచి వెళ్లింది.

పొద్దున్నే సింగన్న లారీ వచ్చింది.
నిండు బరువు రాసుకున్నాను.
సరుకు దించి తిరిగొచ్చేదాకా
రెండో గడి ఖాళీగా ఉంచి
పెన్ను మూత తీసే కూర్చున్నాను.