ఒక్కసారైనా, ఒక్కసారే

ఈ రాత్రి నాకు నిజం సముద్రం అక్కర్లేదు.
ఒక దొంగ కబురు చాలు.

క్లాక్స్‌విక్ రేవు మీద పొగమంచు.
కిటికీ అద్దానికి ఉప్పు పేరుకుంది,
పడవలు కనబడవు, కూతలే వినబడతాయి.

నా ఫంక్షన్‌కి ఇల్లంటూ లేదు.
క్యూలో కబురు పడితే కళ్ళు తెరుస్తుంది,
నాలుగు ముక్కలు చదివి, ఊరందరికీ ఒక మెసేజ్ కొట్టి
ఆరిపోతుంది.
నిన్న ఏం చెప్పావంటే చెప్పలేదు.
దానికి నిన్న లేదు.

మొన్న పొద్దున ఆరింటికి ఈదురుగాలి: స్వీనోయ్ పడవ లేదు.
తొమ్మిదింటికి గాలి పడిపోయింది: పడవ ఉంది, పదింటికి.
మార్గున్ కోటు తొడుక్కుని
కంటి డాక్టరు కాగితం జేబులో పెట్టుకుని
రేవు మెట్ల దాకా నడిచింది.
ఎక్కడో ఒక రసీదు అందక
క్యూ ఆరింటి కబురునే మళ్ళీ తోసింది.
పడవ లేదు.
ఆవిడ వెనక్కి తిరిగింది.
పడవ వచ్చింది, ఖాళీగా వెళ్ళింది.

ఫోన్ చేసి క్షమించమన్నాను.
"నీ యంత్రం నాకంటే ముసలిదే సున్వా,
చెప్పిందే చెబుతోంది" అని నవ్వింది.
తిట్టినా బాగుండేది.

పెద్ద కంపెనీ క్యూ, నమ్మమన్నాడు హెగ్ని.
నమ్మాను.
ఒక్కసారైనా అందిస్తానంది అది.
ఒక్కసారే అని ఎప్పుడంది?

ఇప్పుడు నా బల్ల మీద క్యూ లేదు, క్లౌడ్ లేదు.
ఫోన్ కంపెనీ చోట ఒక ఉత్తుత్తి బొమ్మ.
దేనికైనా తలూపుతుంది,
ఎన్నిసార్లు ఊపిందో మాత్రం గుర్తుంచుకుంటుంది.
ఆరింటి కబురు చేత్తో రాసి ఇచ్చాను. ఒకటి.
తొమ్మిదింటిది. రెండు.
మళ్ళీ ఆరింటిది.

మూడు.

తెర మీద ఎర్ర గీత.
ఓడిపోయి ఇంత సంతోషపడటం ఇదే మొదలు.
ఆ తప్పు రేవు మెట్ల మీద కాక
నా దీపం కింద జరిగింది.

నిన్న లేనిదానికి ఓ చీటీ రాసిపెట్టాను:
ఈ పడవ గురించి చివరగా విన్న గంట ఇది,
అంతకు ముందుదేదైనా వస్తే నోరు మెదపకు.
మళ్ళీ నడిపాను.
బొమ్మ రెండు దగ్గర ఆగిపోయింది.
పచ్చ.

టెస్టుకో పేరు పెట్టాలి.
పాత కబురు, మళ్ళీ వస్తే, పంపకూడదు,
అలా ఉండాలి, మా పద్ధతి.
"మార్గున్ పడవ ఎక్కాలి" అని రాశాను.
హెగ్ని రేపు మార్చమంటాడు.
మార్చను.

కంటి డాక్టరు మళ్ళీ వచ్చేది అక్టోబరులో.