సగం కమలాపండు

జనవరి. కొండవాలు తోటల్లో కోత అయిపోయింది.
మంచి పళ్ళన్నీ పెట్టెలెక్కి ఒసాకా వెళ్ళిపోయాయి.
మచ్చ పడ్డవి, తొక్క వదులైనవి మాకు.
వాటిలోనూ నిగనిగలాడేది ఏరి
మా ఆయన పిట్టలకి కోస్తాడు.
నాకు మిగిలేది వడలిపోయిన పండు.
యాభై రెండేళ్ళ కాపురంలో ఫిర్యాదు ఇదొక్కటే అంటే
అబద్ధమే అనుకోండి.

ఉమె చెట్టు కొమ్మ విరిచి, ఆ మొనకి
పండు చెక్కని గుచ్చుతాడు, తొనలు ఆకాశం వైపు.
ఇక ఇద్దరం దుప్పటి బల్ల కింద కాళ్ళు దూర్చి
అద్దం తలుపు వెనక కూర్చుంటాం.
టీ చల్లారుతుంది.

ముందు చప్పుడొస్తుంది,
సూదిలోకి దారం ఎక్కేంత సన్నగా.
తర్వాత మెజిరోలు.
పెసర రంగు వీపు,
కంటి చుట్టూ సున్నంతో చుట్టిన సున్నా.
ఎప్పుడూ జంటే. ఒకటి తింటుంటే
ఒకటి ఆకాశాన్ని కాపలా కాస్తుంది.

ఆ కాపలా ఎంతసేపు!
పిగిలిపిట్ట దిగుతుంది:
దువ్వని తల, తాగొచ్చిన మరిది గొంతు.
నాలుగు పోట్లకి తొక్క ఖాళీ గిన్నె అయి ఊగుతుంది.
మా తొకుజి గారు చప్పట్లు కొట్టాడు,
తలుపు ధడాలున తీశాడు,
చెప్పు విసిరాడు.
అది ఫుసా గారి ముల్లంగి మడిలో పడింది.
పిగిలిపిట్ట పక్క కొమ్మకి మారింది.
మెజిరోలు మాత్రం రెండు రోజులు రాలేదు.

అప్పుడు కొట్టు గదిలోంచి దింపాడు ఆ వెదురు పంజరాన్ని.
ఏటా దుమ్ము దులిపేదాన్ని, ఎవరిదని అడగలేదు.
ఆ రాత్రి ఆయనే చెప్పాడు.

పదకొండేళ్ళప్పుడు, అన్న గెంపాచితో.
బెరడు ఒలిచి, వాగులో నానేసి, దంచి, కడిగి, మళ్ళీ దంచి
బంక తీసేవాళ్ళట.
పుల్లకి పూసి పంజరంలో పిట్టని పక్కన పెడితే
దాని పాటకి అడవి పిట్ట వచ్చి వాలేది.
కాళ్ళు అంటుకుని తలకిందులుగా వేలాడేది.
"అరిచేది కాదు. అదే నాకు వింతగా ఉండేది."
ఒకటి తొమ్మిది రోజులు పాడలేదు.
పదో రోజు పాడింది.
పందెంలో దాని పాటకి బియ్యం బస్తా వచ్చింది.
"ఇంటిల్లిపాదీ తిన్నాం," అన్నాడు.
తర్వాత?
"తర్వాతేముంది. ఎండాకాలం వచ్చింది."

తెల్లారి పటకారుతో కూర్చున్నాడు.
పుల్ల విడిచి పుల్ల పీకాడు.
తలుపు ఊడదీసి పొయ్యిలో పెట్టాడు.
ఇప్పుడా సందులో మెజిరో పడుతుంది,
పిగిలిపిట్టకి తల పడుతుంది, ఒళ్ళు పట్టదు.
పండు లోపల.

మూడు రోజులు ఎవరూ రాలేదు.
ఆయన మాట్లాడలేదు.
నాలుగో రోజు ఒకటి పంజరం మీద వాలి, తొంగి చూసి,
లోపలికి పోయింది.
తిన్నంత తిని
అవతలి వైపు నుంచి బయటికొచ్చింది,
అక్కడ పంజరమే లేనట్టు.
నా స్వెటర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడని
ఆయనకి తెలియదు.

అంతా బాగుంది.
వానలో ఆ పిగిలిపిట్ట ఒక్కటే
తల లోపలికి దూర్చి, ముక్కు అందక,
తీసి, మళ్ళీ దూర్చి.
అది మాత్రం ఎవరి కాళ్ళకి బంక పూసింది?

రెండింటికి ఆయన కునుకు తీస్తాడు.
స్నానాల గది వెనక, గ్యాస్ సిలిండర్ల పక్కన,
నా వడలిన పండు రెండు చెక్కలు చేస్తాను.
సగం గోడ మీద, సగం నాకు.
"మెల్లగా అరువు తల్లీ, లేస్తాడు" అంటాను.
వింటుందా!

ఆయన ఇంతవరకు ఏమీ అడగలేదు.
కానీ ఈ మధ్య బుట్ట అడుగున
నిగనిగలాడేది ఒకటి
నాకు మిగులుతోంది.