వీసం

క్లాక్స్‌విక్ రేవులో పడవని గట్టు మీదికి లాగారు.
ఉత్తరపు గాలి షెడ్డు రేకుల్ని దడదడలాడిస్తోంది.
రన్‌వా సుద్దముక్కతో
కొత్త షాఫ్టు పొడవునా ఒక గీత గీసింది,
పాపిట తీసినట్టు.

"ఇంజను తిప్పుతానంటుంది, నీళ్ళు తిరగనివ్వమంటాయి.
అప్పుడీ గీత తిన్నగా ఉండదు, హానుస్,
పాదు తీగలా వంపు తిరుగుతుంది.
మూడు మీటర్లకి రెండు డిగ్రీలు, కాస్త పైన."

హానుస్ వినడం లేదు.
చూపంతా షాఫ్టు కొసనున్న బెజ్జం మీదే.
"గుండె తీసేసిన ఉక్కుతో
నన్ను కాడ్ చేపల వేటకి పంపుతావా?"

ఆమె రేకుముక్క మీద లెక్క వేసింది.
ఎనభై, ఎనభై, ఎనభై, ఎనభై:
నాలుగింటినీ గుణించింది.
బెజ్జం నలభై. దానికీ అంతే.
"నడిమధ్యన ఒత్తిడి సున్నా.
అంచుకి జరిగేకొద్దీ పెరుగుతుంది.
మోసేదంతా చర్మమే.
ఇంత తొలిస్తే
బరువులో పోయింది పాతిక,
బలంలో వీసం."

"వీసమైనా పోయిందిగా."

పోయింది. ఆమె కాదనలేదు.
సుద్దముక్క అతని చేతికిచ్చి మెలితిప్పమంది.
నలభై ఏళ్ళు వలలు లాగిన వేళ్ళు.
టప్పున విరిగింది,
ఏటవాలుగా, కలం పాళీ చెక్కినట్టు.

ఉక్కు ఇలా విరగదని చెప్పబోయి
ఆమె ఊరుకుంది.
అతను ఆ వాలు మీద బొటనవేలు రాస్తూ ఉన్నాడు,
చాలాసేపు.

తర్వాత ఒక ముక్క జేబులో వేసుకుని
మోకాళ్ళ మీద వంగి
బెజ్జానికి కన్ను ఆనించాడు.
అవతలి కొసన
వీసమెత్తు సముద్రం.