చెంపకి ఇంకా తెలుసు

మా పొయ్యి నిలబడి ఉండదు, నేలలోకి దిగి ఉంటుంది.
నడుమెత్తు మట్టి బాన, అడుగున నిప్పులు.
కుతాయిసిలో దాన్ని తోనె అంటాం.
సాగదీసిన పిండిని చెక్క మీద పరుచుకుని
తలకిందులుగా నడుం దాకా లోపలికి వంగి
గోడకి కొట్టాలి రొట్టెని.
ఇరవై ఆరేళ్లు అలా వంగాను,
రోజుకి మూడు వందల సార్లు.

ఇప్పుడు వంగితే
మెడ వెనక ఎవరో తలుపు మూసి
దానికి భుజం ఆనించి నిలబడతారు.

మొదట్లో దగ్గితేనే వచ్చేది.
తర్వాత తుమ్మితే.
తుమ్మితే ఊడే ముక్కు అంటారు గానీ
నాకు ఊడేది ముక్కు కాదు, తల వెనక సగం.
ఆ తర్వాత నవ్వినా వచ్చింది.
ఇదొక్కటీ అన్యాయం అనిపించింది.
మరిది కొడుకు పెళ్లివిందులో
గ్లాసెత్తిన పెద్దాయన మాటకి బల్లంతా ఘొల్లుమంటే
నేను బల్ల అంచు పట్టుకుని
పళ్లు బిగించి కూర్చున్నాను.
ఈ సంబంధం లమ్జీరత్తకి నచ్చలేదు కాబోలు
అనుకుందట కొత్త కోడలు.

త్బిలిసీలో డాక్టరు నతేలా, నా కూతురి ఈడుది,
కాగితం మీద పుర్రె గీసి చూపించింది.
చిన్నమెదడు కొస కిందికి జారి
పుర్రె అడుగు కంతలో ఇరుక్కుందట.
పుట్టినప్పటినుంచీ అంతేనట.
అంటే యాభై మూడేళ్లుగా నా తలలో ఒకరు
గడప మీదే కూర్చున్నారు,
లోపలికీ రారు, బయటికీ పోరు.
కియారి, అని రాసిచ్చింది.
ఎవరో వైద్యుడి పేరట.
నా ఇంటికి ఆయన పేరెందుకో.

నిరుడు వెన్నుపాములో దారమంత నీరు.
ఈ ఏడు పెన్సిలంత.
పాము కడుపులో నీరు చేరితే
దాని దారిన చేతుల్లో నిప్పు ఆరిపోతుందని
నాకెవరు చెప్పారు?

మార్చిలో ఒక పొద్దున
ఊచా అరిచాడు: అత్తా, చెయ్యి!
చూస్తే నా మోచెయ్యి తోనె అంచుకి ఆని ఉంది.
ఆ వాసన నేను రొట్టె మాడిందనుకున్నాను.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవద్దంటారు.
కాలాయని ఇంకొకరు చెప్తే గానీ తెలియనివాళ్లు
ఆకులెప్పుడు పట్టుకోవాలి?

దుకాణం బోర్డు మీద మా గుండ్రటి అక్షరాలు
చూస్తుండగానే ఒక్కొక్కటే కిందికి జారుతుంటాయి,
మళ్లీ పైకెక్కి మళ్లీ జారుతుంటాయి.
రియోనీ వంతెన మీద మధ్యలో నడుస్తాను,
తాగిందనుకుంటే అనుకోనీ.
ముగ్గురు మెచ్చుకునే రొట్టెలు చేసి
నా ముక్క మాత్రం టీలో నానబెట్టుకుంటాను,
గొంతు దిగాలి కదా.
రాత్రి మూడు దిండ్లకి ఆనుకుని, కూర్చునే నిద్ర.
బొత్తాలున్న చొక్కాలన్నీ చెల్లెలికి ఇచ్చేశాను.
ఏడ్చింది చెల్లెలు. నేనేడవలేదు,
ఏడిస్తే కూడా తలనొప్పే.

ఆగస్టులో ఆపరేషన్ అంది నతేలా.
వెనక ఎముక కొంచెం తీసి చోటిస్తారట.
పోయింది తిరిగొస్తుందని మాటివ్వలేను,
ఇంకా పోకుండా ఆగుతుందేమో, అంది.
ఆ 'ఏమో' దగ్గరే నాకు నమ్మకం కుదిరింది.
అబద్ధమాడేవాళ్లు ఏమో అనరు.

అందాకా ఊచా వంగుతాడు.
వెనక స్టూలు మీద కళ్లు మూసుకుని నేను
వాసన పట్టి చెప్తాను: ఎడమ పక్కవి తియ్యి,
ఆ మూలది ఇంకొక్క నిమిషం.
వాడికి కోపం. ఇరవై రెండేళ్లవాడు,
అయినా తీస్తాడు, అయినా నేనే కరెక్టు.

పొగలు కక్కే రొట్టెని అందరూ గుడ్డతో పట్టుకుంటే
నేను ఉత్తచేత్తో, చల్లటి చేపని పట్టినట్టు పట్టుకుంటాను.
కొనేవాళ్లు అబ్బురంగా చూస్తారు, ఎంత మొండి చేతులో అని.
వాళ్లకి చెప్పను.
మొదటి రొట్టెని మాత్రం, ఎవరూ రాకముందు,
చెంపకి ఆనించుకుంటాను.
ఆ నీరింకా ఇంత పైకి ఎక్కలేదు.

కాలుతోందిరా ఊచా, అంటాను.
వాడు సంచులు లెక్కపెడుతూ తలెత్తడు:
కాలకపోతే అది రొట్టె ఎలా అవుతుందత్తా.